మూసిన కళ్ల హక్కుదారు

అరువు బొమ్మల ఉత్తర్వు అమల్లోకి వచ్చిన మంగళవారం పొద్దున, ధనకోటి గుడ్డ మీద వేసుకున్న చెల్లెలి బొమ్మలోంచి రెండు కళ్లూ లేచి, అసలు హక్కుదారును వెతుక్కుంటూ వీధిలోకి వెళ్లిపోయాయి. ఇంకొకరి దగ్గర తెచ్చుకుని గీసిన గీత ఏదైనా అసలువాళ్లకే చేరాలని ఉత్తర్వులో ఉంది కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. పాలాయన సైకిలు పక్కకు తీసి వాటికి దారిచ్చాడు.

శ్రీకాళహస్తిలో కలంకారీ పనివాళ్లుండే ఆ వీధిలో అందరిదీ ఒకటే కన్ను. చేపలా సాగి, చెవిదాకా వచ్చి ఆగే కన్ను. ధనకోటి దాన్ని గురవయ్య అయివారి దగ్గర నేర్చుకుంది. ఆయన తన మేనమామ దగ్గర నేర్చుకున్నాడు, మేనమామ ఇంకెవరి దగ్గరో. బొమ్మంతా అయ్యాక చివర్న ఆ కన్ను తెరిస్తేనే దానికి ప్రాణమొచ్చినట్టు. ఎవరి కన్ను ఎవరు తీసుకున్నారని ఇన్నేళ్లలో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు సీతల కళ్లు, ద్రౌపదుల కళ్లు, చివరికి గుర్రాల కళ్లు కూడా గుంపులు గుంపులుగా గాలిలో ఈదుకుంటూ బస్టాండు వైపు పోతున్నాయి. చూడ్డానికి అందంగానే ఉంది. ధనకోటి మాత్రం ఆ గుంపుల్లో తన చెల్లెలి కళ్లేవో వెతుక్కుంది. చెల్లెలు రుక్కు పోయి చాలా కాలమైంది, ఫొటో ఒక్కటీ లేదు. ఆ గుడ్డ చూస్తేనే ఆ పిల్ల ముఖం గుర్తొచ్చేది.

మర్నాడు బొమ్మల మూలాల కార్యాలయంలో సూపరింటెండెంటు బాలసుందరం ఆమెను మర్యాదగా కూర్చోబెట్టాడు.

"ఆ కన్ను మీదేనా అమ్మా?"

"అయివారి దగ్గర నేర్చుకున్నా సార్. మా వీధిలో అందురూ అదే వేస్తారు."

"అయితే కాపీ కిందికే వస్తుంది."

"కాపీ ఎట్లవుతుంది సార్? అది మా చెల్లెలు చూసినట్టే చూస్తా ఉన్నింది."

"చూపు మీదే. కన్ను మాత్రం కాదు."

చూపును విడిగా తిరిగిచ్చే పద్ధతి ఏమైనా ఉందా అని ఆమె అడిగింది. ప్రస్తుతానికి లేదన్నాడు. పట్నంలోని ఒక దుప్పట్ల కంపెనీ, ఉత్తర్వు రాకముందే దరఖాస్తు పెట్టిందట. వీధి కళ్లన్నీ నేరుగా దాని గోదాముకే చేరాయి. తనకంటే ముందు ఆ కన్ను ఎవరూ గీయలేదని కంపెనీ ప్రమాణం చేసింది, అలా చెప్పడానికి వీధిలో ఎవరికీ నోరు రాలేదు. కంపెనీకిచ్చిన ధ్రువపత్రం మీద ముద్ర ఉంది గానీ, అందులో ఖాళీ గుండ్రం తప్ప ఏమీ లేదు. ముద్రలోని సింహాలు మొదటిరోజే తమ రాతి స్తంభానికి వెళ్లిపోయాయని ఆయనే చెప్పాడు. ఖాళీ గుండ్రం కూడా చెల్లుతుందని సర్క్యులర్ వచ్చింది.

ధనకోటి లేవబోతుంటే ఆయన జాలిపడి గొంతు తగ్గించాడు. "మూసిన కళ్లకు ఇంకా ఎవరూ దరఖాస్తు పెట్టలేదమ్మా. తొందరపడితే మీకొచ్చేస్తాయి."

ఆమె ప్రమాణం చేసింది. లోకంలో తనకంటే ముందు మూసిన కన్ను ఎవరూ గీయలేదని చెబుతున్నప్పుడు మొదట మాట తడబడింది, తర్వాత బాగానే వచ్చింది. ఇంటికెళ్లి రుక్కు ముఖం మీద రెండు వంపు గీతలు గీసింది. అవి కదల్లేదు. నిద్రపోతున్న రుక్కు కూడా రుక్కులాగే ఉంది. ధనకోటి గుడ్డ పక్కన కూర్చుని తనివితీరా ఏడ్చింది.

సాయంత్రానికి మిగతా మూసిన కళ్లన్నీ కొత్త హక్కుదారును వెతుక్కుంటూ రావడం మొదలైంది. పాము మీద పడుకున్న దేవుళ్ల కళ్లు, తపస్సు చేసుకునే మునుల కళ్లు, ఉయ్యాల్లో పాపల కళ్లు కిటికీలోంచి మెల్లగా వచ్చి గోడలనిండా వాలాయి. వాటి వెనకే గురవయ్య అయివారు వచ్చాడు. భార్య పోయిన రోజు ఆమె పక్కన కూర్చుని ఆయన, కళ్లు మూసుకున్న ఆమె బొమ్మ గీసుకున్నాడు. దాంట్లోంచీ కళ్లు వచ్చేశాయి.

"అమ్మణ్ణీ, ఆ మూలనుండేవి మాయింటిదాని కండ్లు. ఇచ్చేస్తే పోతా" అన్నాడు గడప బయటే నిలబడి.

ధనకోటి చూసింది. ఆ రెప్పల వంపు తనకు నేర్పింది ఆయన చెయ్యే. కానీ ఇచ్చేస్తే తన ప్రమాణం అబద్ధమవుతుంది. అప్పుడు రుక్కు కళ్లు మళ్లీ లేచిపోతాయి.

"అవి నావి అయివారూ. దరఖాస్తు పెట్టుకోండి, చూస్తా."

అయివారు తలూపాడు. దరఖాస్తు ఎవరి పేరున రాయాలని అడిగాడు.

"నా పేరునే" అంది ధనకోటి. రాసుకోవడానికి కలం కూడా తనే ఇచ్చింది.