ఎలుకలకు సపోర్టు దుంగలు

గోదావరిఖనిలో పిల్లలకు పాఠాలు చెప్పే కెరోలిన్ ఆ పొద్దున పెట్టుకున్న పని ఒక్కటే. బొగ్గుబాయిలో కాపురముండే ఎలుకల కథ రాసి, తానే బొమ్మలు వేసి, లింకు ఉన్నవాళ్లకే కనబడేలా పుస్తకమంతా ఆన్‌లైన్‌లో పెట్టింది. దాని లింకు హైదరాబాదులోని ప్రచురణకర్తలకు పంపాలి. ఎంతమందికి రాసినా, చూస్తామన్నది వాళ్లొక్కరే. షరతు కూడా ఒకటే పెట్టారు: పుస్తకం ఇంకెవరి కంటా పడకూడదు.

లింకు పంపేసింది. నాయిన బయటివాడా ఏమిటి అనుకుని ఆమోసుకూ పంపింది. అక్కడే కొంప మునిగింది.

ఆమోసు బాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే టింబర్‌మన్. చుట్టాలింటికి వెళ్లినా కూర్చునే ముందు కప్పు వంక చూసే మనిషి. బిడ్డ బొమ్మలు చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అంత సంతోషం ఒక్కడే దాచుకోవడం చేతగాక, లింకును తన షిఫ్టు వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

మొదటి జవాబు రాయమల్లుది. "ఆమోసన్నా, బొమ్మలు మస్తున్నయ్. గాని మూడో పేజీల ఎలుక కూసున్న కాడ సపోర్టే లేదు. రూఫ్ పడ్తే ఎట్ల?"

"నిజమే తమ్మీ! జల్ది పెట్టుండ్రి!" అన్నాడు ఆమోసు.

చూడడానికి మాత్రమే ఇవ్వాల్సిన లింకును కెరోలిన్ తొందరలో మార్చడానికి కూడా వీలుగా ఇచ్చేసింది. ఇంకేం! ఎవరి ఫోన్లో వాళ్లు నల్లటి దుంగలు గీయడం మొదలుపెట్టారు. ఎలుకల వంటింట్లో దుంగలు, పెళ్లిపీటల పక్కన దుంగలు, ఎలుకపిల్ల ఉయ్యాలకు అటూ ఇటూ దుంగలు. ఆ మనుషుల శ్రద్ధకు దండం పెట్టాలి, ఒక్కటీ వంకర లేదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి పుస్తకం తెరిచి చూసిన కెరోలిన్ ఫోన్ పట్టుకుని తండ్రి దగ్గరికి పరుగెత్తింది. "నాయినా! ఏంది గిది? నా పుస్తకం ఆగం చేసిన్రు గదనే!"

"ఫికర్ చెయ్యకు బిడ్డా. ఇగ ఎలుకలకేం గాదు."

అంతలో ఫోన్ మోగింది. ప్రచురణ సంస్థ ఎడిటర్ సంధ్యారాణి. కెరోలిన్ ఫోన్‌ను బల్లమీద పెట్టి స్పీకర్ నొక్కింది.

"కెరోలిన్ గారూ, పొద్దుటి నుంచి చూస్తున్నాను. నేను చూస్తుండగానే పేజీల్లో స్తంభాలు లేస్తున్నాయి. ఎవరండీ వీళ్లు?"

దాచి లాభం లేదని కెరోలిన్ జరిగిందంతా చెప్పేసింది.

"బయటికి పోవడం తప్పేనండీ. ముందు ఆ లింకు మూసేయండి," అంది సంధ్యారాణి. "కానీ ఒక్క దుంగ కూడా ఏ ఎలుక ముఖానికీ అడ్డం రాలేదు. బొమ్మలో ఎలుక మీద కప్పు పడుతుందేమోనని ఇంతమంది హడలిపోయారంటే ఆ పుస్తకం మాకు కావాలి. దుంగలు కూడా ఉంచండి. అన్నట్టు, చివరి పేజీలో ఎలుకలు వెన్నెట్లో కూర్చున్నాయి కదా, అక్కడ మాత్రం మరిచిపోయినట్టున్నారు?"

కెరోలిన్ కన్నా ముందే ఆమోసు ఫోన్ దగ్గరికి వంగాడు.

"మరిచిపోలే మేడం. అది బాయి బయట. చంద్రుడు పడ్తే మా డ్యూటీ గాదు."