వాకిట పడ్డ పరుపు

ఆ ఉదయం కురుమూర్తి తలపెట్టింది చిన్న పనే. తోటికోడలితో పాన్‌గల్ దవాఖానకు పోయిన భార్య అంజమ్మ తిరిగొచ్చేలోగా ఆమె పరుపు తీసేసి, ఆ చోట బండ పరచాలి. పది రోజులుగా ఆమెకు జ్వరం. నోటికి మెతుకు పట్టడం లేదు. పట్నంలో పరిశోధన చేస్తున్న కూతురు సుహాసిని నిన్ననే ఫోన్‌లో తన చదువు సంగతి చెప్పింది.

"రోగంతోని కొట్లాడే కణాలు ఉంటయి నాయినా. మెత్తటి చోట మందకొడిగ ఉంటయి. గట్టిది తగిలితే చురుకైతయి."

కురుమూర్తికి పాతరోజులు మెదిలాయి. పల్లిచేను కావలికి పోయి, పగలంతా కాగిన బండమీద నడుము వాల్చేవాడు. జ్వరమన్న మాటే ఎరుగడు. కొత్తకాపురంలో అంజమ్మ కూడా ఆ బండమీదే కూర్చొని, పల్లీలు ఒలిచి అతని దోసిట్లో పోసేది. రోగాలన్నీ ఈ పరుపులు వచ్చాకే అనుకున్నాడు.

పరుపూ దిండూ వాకిట పడేసి, ఫోన్ ఇంట్లోనే మరిచి, బండ కోసం ట్రాక్టర్ మీద చేనుకు పోయాడు.

ఆ ఊళ్లో మనిషి పోతేనే పక్కబట్టలు వాకిట పడేస్తారు. ముందుగా చూసింది పొరుగింటి భీమమ్మ.

"ఓ అంజమ్మా! నీ చేతి పచ్చిపులుసు ఇగ ఎవరు పోస్తరే!" అని శోకం అందుకుంది.

వాడకట్టంతా కదిలింది. శవం దవాఖాన నుంచి వస్తుందన్నారెవరో. బల్మూరు చుట్టాలు జీపు కట్టించుకొని దిగారు. డప్పులూ వచ్చాయి.

మధ్యాహ్నానికి కురుమూర్తి బండతో వచ్చాడు.

"సమాధికి బండ గూడ తెచ్చుకున్నడు, పాపం!" భీమమ్మ గొంతు పెంచింది.

కురుమూర్తి ఏడ్చే జనాన్ని చూశాడు. అంజమ్మ దవాఖానలోనే పోయిందనుకున్నాడు. ఆ పరుపు మీదే కూలబడి, "నన్నిడిసి వోతివా!" అని అందరికన్నా గట్టిగా ఏడ్చాడు.

భీమమ్మ శోకం మళ్లీ పచ్చిపులుసు దగ్గరికి వచ్చేసరికి ఆటో ఆగింది. అంజమ్మ దిగింది.

"ఏమైంది? ఎవరు వోయిండ్రు?"

"నువ్వే గదా వదినా!" అన్నాడు పక్కింటి బషీర్, నోరు తెరిచి.

ఇంట్లో ఫోన్ మోగింది. సుహాసిని. కబురు ఆమెదాకా పోయింది.

"అమ్మ బాగనే ఉంది బిడ్డా. నువ్వు చెప్పినట్టే పరుపు తీసేసిన, గంతే."

"అయ్యో నాయినా! నేను చెప్పింది ఒంటి లోపల, కణాల చుట్టూ ఉండే కండ సంగతి. పండుకునే పరుపు సంగతి గాదు!"

అంజమ్మకు ఇదేమీ పట్టలేదు. గడప మీద కూర్చుంది.

"ఆపినవేందే భీమమ్మా? పచ్చిపులుసు కాడికి వచ్చినవు. జర పూర్తిగ చెప్పు."

భీమమ్మ ముక్కు చీది మళ్లీ మొదలుపెట్టింది. వినేకొద్దీ అంజమ్మ ముఖం విప్పారింది. అంతా విన్నాక మొగుడివైపు తిరిగింది.

"బల్మూరోళ్లను ఉపాసం పంపుతవా ఏంది? పొయ్యి అంటువెట్టు!"

తన చావుకొచ్చినవాళ్ల పంక్తిలోనే కూర్చొని, అంజమ్మ రెండోమారు చారు పోయించుకుంది.