ఆట మధ్యలో కౌగిలింతలు

ఆ ఉదయం రస్ హేవర్‌క్యాంప్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మోకాళ్ళకు ఐసు పెట్టుకోవడం, మధ్యాహ్నం ఆటలో పరువు పోకుండా బయటపడటం. అయోవాలోని ఓ చిన్న బేస్‌బాల్ జట్టుకు అతను క్యాచర్. అంటే ఆటంతా గొంతుక్కూర్చుని, వేరేవాళ్ళు విసిరిన బంతులు పట్టేవాడు. ఊరూరా జట్లు మారి ముప్పై అయిదో ఏట పడ్డాడు గానీ పెద్ద లీగు గడప తొక్కలేదు. "నన్ను వదిలించుకోని జట్టు ఇంకా పుట్టలేదు," అని తన మీద తనే జోకులేసుకునేవాడు. ఒక్కరోజైనా పైన ఆడాలన్న కోరిక మాత్రం చావలేదు.

జట్లు ఆటగాళ్ళను ఇచ్చిపుచ్చుకోవడానికి అదే ఆఖరి రోజు. అలాంటి రోజున దెబ్బ తగలనివాణ్ణి ఆట మధ్యలో పిలిచేశారంటే, ఏదో జట్టు వాణ్ణి అడిగిందని అర్థం. తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో నాలుగోది నడుస్తుండగా మేనేజరు ప్రూయిట్ చెయ్యూపాడు. "రస్సూ, నువ్వు లోపలికొచ్చెయ్. ఆటయ్యాక మాట్లాడతా."

అంతే, జట్టులో కుర్రాళ్ళంతా మీద పడ్డారు. బంతి విసిరే కిర్బీ కావలించుకుని వలవలా ఏడ్చాడు.

"అన్నా, పైకెళ్ళాక మమ్మల్ని మర్చిపోకు!"

"ఒరేయ్, నాకేం తెలీదురా..." అన్నాడు గానీ, రస్ మొహం అప్పటికే వెలిగిపోయింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. పరుపు ఒకడికి, కాఫీ మిషను ఇంకొకడికి అక్కడికక్కడే దానం చేసి, భార్యకు ఫోన్ చేశాడు.

"మార్లీన్, పిలుపొచ్చింది!"

"నిజంగానా? ఇల్లు ఖాళీ చేసెయ్యనా?"

"చేసెయ్!"

మార్లీన్ రెండోసారి అడిగే మనిషి కాదు. అరగంటలో సోఫా పక్కింటికి, తాళాలు ఇంటివాడి చేతికి చేరాయి. రేడియో వ్యాఖ్యాత ఆ కబురు ఊరంతా చాటాడు. జనం లేచి చప్పట్లు కొడితే రస్ టోపీ తీసి, కళ్ళనీళ్ళతో అందరికీ చెయ్యూపాడు.

ఆటయ్యాక ప్రూయిట్ గదిలోకి వెళ్ళాడు. "ఏ జట్టు సార్?"

"జట్టేంట్రా! నీ పంట్లాం వెనకాల నిలువునా చిరిగింది. నీ వెనక వరసంతా చర్చి ఆడవాళ్ళే. అక్కడ అరిచి చెప్పమంటావా?"

రస్ వెనక తడుముకున్నాడు. నిజమే. ఇందాకటి నుంచి చల్లగాలి తగులుతుంటే దేవుడి దయ అనుకున్నాడు. ముందు నుంచి కావలించుకున్నవాళ్ళకు వెనక సంగతి ఏం తెలుస్తుంది? పైకి వెళ్ళడం మాట దేవుడెరుగు, ఇప్పుడు తల దాచుకోవడానికి ఇల్లు కూడా లేదు. చెప్పలేనంత ఏడుపొచ్చింది. తలుపు అవతల విన్నవాళ్ళు పగలబడి నవ్వుతున్నారు.

అప్పుడే ఫోన్ మోగింది. అవతలివాళ్ళ మాటలు వింటుంటే ప్రూయిట్ మొహం మారిపోయింది.

"పెద్ద లీగువాళ్ళురా! వాళ్ళ క్యాచరుకి పొద్దున వేలు విరిగిందట. నిన్నెవరో ఎగరేసుకుపోతున్నారని రేడియోలో విన్నారట. ఇన్నాళ్ళూ నీ మొహం చూడనివాళ్ళు, ఇప్పుడు మాకే కావాలంటున్నారు. రేపు అక్కడ ఆడాలి నువ్వు."

రస్ కళ్ళు తుడుచుకుని బయటికి పరుగెత్తాడు.

"ఒరేయ్, పిలుపొచ్చిందిరా! నిజంగానే పైకెళ్తున్నా!"

పొద్దుతిరుగుడు గింజలు నములుతున్న కిర్బీ తలెత్తలేదు. "సంతోషం అన్నా. ముందు ఆ పంట్లాం మార్చుకో."

ఈసారి కావలించుకోవడానికి ఎవరూ లేవలేదు.