బోడిగుట్ట మీద స్వదేశీ అడవి

ఐరాల దగ్గరి బోడిగుట్ట మీద మన పూర్వపు అడవిని తిరిగి మొలిపించాలని ఎనభై మూడులో మా ఊరి పెద్దలు ఏకగ్రీవంగా తీర్మానించారు. చిత్తూరులో మామిడికాయల మండీ నడిపే కుప్పుస్వామిగారు సంఘానికి అధ్యక్షులు. తాలూకా కచేరీలో రిటైరైన తులసీరాంగారు కార్యదర్శి. ఇద్దరికీ చెట్లంటే ప్రాణం. కుప్పుస్వామిగారైతే తమ ఇంట్లో తలుపులూ, మంచాలూ, చివరికి పీటలు కూడా అడవి కలపతోనే చేయించుకున్నారు.

పేరుకు బోడిగుట్టే గానీ దాని నిండా బలుసు, కలే, రేగు పొదలుండేవి. అడవిని పెంచాలంటే ముందు స్థలం ఖాళీ కావాలి గదా! ఊరంతా శ్రమదానం చేసి వాటిని నరికేసింది.

గుట్ట కింద గుడిసెలో ఉండే మునెమ్మ పరుగెత్తుకొచ్చింది. మొగుడు పోయాక ఆమెకు మేకలే ఆధారం.

"సామీ, మా మేకలు ఈ ఆకు తినే బతకతా ఉండాయి. ఇంక యాడికి తోలుకుపొయ్యేది?"

"సూడు మునెమ్మా, నువ్వు మేకల గురించి ఆలోచిస్తా ఉండావు. మేము దేశం గురించి ఆలోచిస్తా ఉండాము" అన్నారు కుప్పుస్వామిగారు. చప్పట్లు మోగాయి.

వేప, మద్ది మొక్కలు అడిగితే నర్సరీవాళ్లు లారీ నిండా నీలగిరి మొక్కలు పంపారు. ఇది ఆస్ట్రేలియా చెట్టని ఎవరో గొణిగారు.

"ఏమబ్బా, నీలగిరి కొండలు యాడుండాయి? మన దక్షిణాదిలోనే గదా! ఇంతకన్నా స్వదేశీ ఏముంటాది?" అని తులసీరాంగారు సందేహనివృత్తి చేశారు.

మొక్కలు నాటారు, ఫొటోలు దిగారు. నీళ్లు పోసే సంగతి మాత్రం తీర్మానంలో లేదు. ఐరాల ఎండతో పరిచయం లేని ఆ మొక్కలు వేసవి దాటలేదు.

మరుసటి ఏడు వానలకు, నరికిన మోళ్లలోంచి బలుసు, కలే, రేగు మళ్లీ చిగిర్చాయి. గుట్ట పచ్చబడింది. పూర్వపు అడవి తిరిగి వచ్చిందనీ, ఇదంతా సంఘం కృషేననీ కుప్పుస్వామిగారు ప్రకటించారు. వార్షికోత్సవానికి ఏర్పాట్లు మొదలయ్యాయి.

అన్నాళ్లూ ఊరూరా కొమ్మా రెమ్మా అడుక్కొచ్చి మేకలను బతికించుకున్న మునెమ్మ, ఆ పచ్చదనం చూసి ఆనందంగా వాటిని గుట్టెక్కించింది. అడవిని నాశనం చేస్తున్న నేరానికి సంఘంవారు మేకలను పట్టి బందెలదొడ్డికి తోలారు. జరిమానా కట్టి విడిపించుకునే స్తోమత ఆమెకు లేదు. దొడ్డి గోడ పట్టుకుని ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలుస్తూ కూర్చుంది. లోపలినుంచి అవి బదులు పలికాయి. వేలంపాటలో మేకలన్నీ సంఘానికే దక్కాయి.

వార్షికోత్సవంలో వృక్షసంరక్షణ గురించి గంభీరమైన ఉపన్యాసాలు జరిగాయి. తర్వాత ఊరందరికీ విందు. కూర నోట్లో పెట్టుకుని కుప్పుస్వామిగారు కళ్లు మూసుకున్నారు.

"స్వదేశీ ఆకు మేసిన మేకలప్పా! ఆ రుచే వేరు."

అప్పటికే అందరూ రెండోసారి వడ్డించుకుంటున్నారు.