కదలని కారు, దిగిపోయే బ్యాటరీ

...లేకపోతే కదలని కారుకు నీరసం ఎందుకొస్తుంది? బ్యాటరీ చచ్చిపోవడం ఈమధ్య ఇది మూడోసారి. టీసీ షెడ్డులో నిలబడి ఆలోచిస్తున్నాడు. రైళ్ళలో తిరిగే మనిషి కనుక కారు బయటికి తీసేది అరుదు. అయినా రోజూ సాయంత్రం వచ్చి, తాళం తిప్పి, కిలోమీటర్ల అంకె చూసి వెళ్తాడు. అంకె మారడం లేదు. అంటే ఎవరో మారుతాళం చేయించి కారు నడపడమే కాదు, అంకెను వెనక్కి తిప్పడం కూడా నేర్చుకున్నారు. టికెట్ లేనివాణ్ణి నడకను బట్టే పసిగట్టే ఆ బుర్ర, మేడమీద గదిలో ఉంటున్న బావమరిది దగ్గర ఆగింది. మొన్న వాడు షెడ్డులోంచి చేతులు దులుపుకుంటూ వచ్చాడు.

రేపు భార్యను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. కారు బ్యాటరీకి ఛార్జరు కొనడానికి బయల్దేరితే బావమరిది వెంటపడి మరీ వచ్చాడు. అదీ అనుమానమే.

"ఇది నిండగానే దానికదే ఆగిపోతుందండీ," అన్నాడు దుకాణదారు.

"ఆగిందని ఎవరు చెప్తారు?"

"ఈ పచ్చలైటు."

"లైటు నిజం చెప్తోందని ఎవరు చెప్తారు?"

దుకాణదారు బావమరిది వైపు జాలిగా చూశాడు.

"అదే తీసుకోండి బావా. అలా తగిలించి వదిలేస్తే బండి ఎప్పుడు కావాలంటే అప్పుడు రెడీ."

ఎవరికి కావాలంటే? టీసీ వెంటనే అది వద్దని పక్కనున్న రెండోది కొన్నాడు, నిండాక మనిషే చూసి పీకాల్సిన పాతరకం. మధ్యాహ్నమంతా పొయ్యి మీద పాలకు కాపలా ఉన్నట్టు దాని ముందే కూర్చున్నాడు.

"మీ తమ్ముడి సంగతి ఇవాళ తేల్చేస్తాను," అన్నాడు భార్యతో.

"తేల్చండి. వాడు దొంగయితే వాడు వెళ్తాడు. కాకపోతే ఇద్దరం వెళ్తాం."

సాయంత్రం ఎప్పటిలాగే అంకె చూశాడు. చప్పుడైతే దొంగ జాగ్రత్తపడతాడని, ఎప్పటిలాగే కారు తలుపు మెల్లగా దగ్గరికి వేసి, పాత బీరువా వెనక నక్కాడు. కాసేపటికి బావమరిది వచ్చాడు. అటూ ఇటూ చూసి కారు తలుపు మీద చెయ్యి వేశాడు.

"దొరికావురా."

బావమరిది ఉలిక్కిపడుతూనే తలుపును గట్టిగా నెట్టాడు. కారు లోపల వెలుగుతున్న లైటు ఆరిపోయింది.

టీసీ బీరువా వెనకనుంచి బయటికి వచ్చాడు.

"రోజూ మీరు తలుపు సరిగ్గా వెయ్యరు బావా. నేను చూసిన రోజు వేస్తున్నా. చూడని రోజు ఆ లైటు తెల్లార్లూ వెలుగుతూనే ఉంటుంది."

"మరి చెప్పొచ్చుగా?"

"చెప్తే, కారు దగ్గర నీకేం పనిరా అంటారుగా."

అది నిజమే. సరిగ్గా అదే మాట ఇప్పుడూ నాలుక చివర ఉంది. మింగేశాడు. షెడ్డుకు ఎదురుగా వంటింటి గుమ్మంలో భార్య నిలబడి ఉంది, చేతులు కట్టుకుని.

టీసీ జేబులోంచి తాళంచెవి తీసి బావమరిది చేతిలో పెట్టాడు.

"అప్పుడప్పుడూ అలా తిప్పుకురా. నడుస్తుంటేనే దానికి ఆరోగ్యం."

సాయంత్రం చూసుకున్న కిలోమీటర్ల అంకె ఎంతో మాత్రం వాడికి చెప్పలేదు.