గొర్లదొడ్డి హద్దురాయి వైభోగం

ఊరికి పంచాయతీ ఉండటమంత దరిద్రం మరొకటి లేదు! నమ్మరా? అయితే మా గొర్లదొడ్డికి రండి. ఏ పంచాయతీ లెక్కలోనూ లేని భాగ్యశాలి అది.

దీని చరిత్ర చిన్నదే. లింగప్ప తాత గొర్రెలు తోలుకుంటూ వచ్చి ఈ మిట్ట మీద పాతిన రాయి చూశాడు. ఊరి నడుమ పాతి మొక్కే బొడ్రాయి అనుకున్నాడు. ఊరు లేకుండానే బొడ్రాయి దొరికిందంటే దేవుడి ఆజ్ఞ కాక మరేమిటి? పసుపు పూసి, పొట్టేలును కోసి, దాని చుట్టూ ఇళ్లు వేయించాడు. తీరా అది రెండు పంచాయతీల మధ్య సర్కారు పాతిన హద్దురాయి!

ఆయన కోడలు రామాంజినమ్మ అదృష్టం చూడండి. పొయ్యి తూర్పు పంచాయతీలో, పడక పడమటి పంచాయతీలో! ఓట్లప్పుడు ఇద్దరు సర్పంచులూ "మా ఊరే" అని కొట్టుకుంటారు. ఇంత గిరాకీ మీ ఊరికుందా?

నీళ్ల ట్యాంకరా? తూర్పుది "మీరు పడమటోళ్లు" అంటుంది, పడమటిది "మీరు తూర్పోళ్లు" అంటుంది. రెంటికీ చెడ్డ రేవడి అంటారా? అసూయపరులు అలాగే అంటారు. పట్నం ఆడవాళ్లు జిమ్‌కు డబ్బు కడుతుంటే, మావాళ్లు పక్క ఊరి బోరు దాకా బిందెలతో ఉచితంగా వ్యాయామం చేస్తున్నారు!

ఆ వ్యాయామంలోనే రామాంజినమ్మ కూతురు ప్రశాంతి, కడుపుతో ఉన్న పిల్ల, బిందెతో సహా జారిపడింది. కడుపులో బిడ్డకేమీ కాలేదు గానీ రామాంజినమ్మకు ఒళ్లు మండింది. తెల్లారేసరికి గడ్డపారతో రాయిని పెకిలించి, ఊరంతా ఒకే పక్కకు వచ్చేలా చేనిగట్టు దాకా దొర్లించేసింది.

మధ్యాహ్నానికల్లా రెండు జీపులు దిగాయి! ఇద్దరు సెక్రటరీలు, ఒక సర్వేయరు. ఈ ఊరికి దారే తెలియదన్న మహానుభావులు!

"సర్కారు రాయి కదిలిస్తే కేసయితాదమ్మా!" అన్నాడు సర్వేయరు.

"రాయి కదిలితే ఇంతమంది వస్తిరే. నా కూతురు పడిన నాడు ఒక్కరన్నా రాలేదేమప్పా?"

సెక్రటరీలిద్దరూ కలిసి రాయిని పాత చోటే కాంక్రీటు పోసి పాతాలని తేల్చారు. కాంక్రీటుకు నీళ్లు కావాలి కదా? సాయంత్రానికి ట్యాంకర్ వచ్చింది. నిండు ట్యాంకర్!

ఆడవాళ్లు బిందెలతో పరుగెత్తారు. "ఇవి రాయికొచ్చిన నీళ్లు, మీకు గాదక్కా" అన్నాడు డ్రైవరు. అయినా మంచివాడు, రాయికి పోగా మిగిలినవి పట్టుకోనిచ్చాడు.

రామాంజినమ్మ బిందె నింపుకుని, కాంక్రీటు పోయిస్తున్న సర్వేయరు దగ్గర ఆగింది.

"అన్నా, సిమెంటు రోంత తక్కువ ఎయ్యి. వచ్చే వారం మళ్లా పీకాల గదా!"