పావుకి సొంత పేరుండదు

ఆటవస్తువుల కంపెనీ యాజమాన్యం ప్రజావినోద రంగంలో ఒక చారిత్రక నిర్ణయం తీసుకున్నట్టు సోమవారం ఉదయం నోటీసు బోర్డు చూసిన సిబ్బందికి తెలిసింది. ఇకమీదట ఆటకో పెట్టె ఉండదు. ఒక అట్ట, రెండు పాచికలు, నాలుగు రంగుల పావులు, ఒక కట్ట కార్డులు. సరుకంతా ఇంతే. ఇందులోంచే పన్నెండు ఆటలు పుట్టాలి. పుట్టించే భారం, కంపెనీలో ఆటలు అల్లడం తెలిసిన ఏకైక మనిషి, అందరూ ఆటలాయన అని పిలిచే పెద్దమనిషి నెత్తిన పడింది.

ఆటలాయన ఎగిరి గంతేశాడు. ఇది ఆయన ఎన్నాళ్లుగానో కంటున్న కల. “పావుకి సొంత పేరంటూ ఉండదు. నియమం ఏమంటే అదే దాని పేరు” అని ఆయన టీ తాగేచోట కూడా చెబుతుండేవాడు. వినేవాళ్లు టీ చల్లారుతోందని వెళ్లిపోయేవాళ్లు.

పని మొదలైంది. నీలం పావు మొదటి ఆటలో ఓడ, రెండో ఆటలో రోగి, మూడో ఆటలో దొంగ, నాలుగో ఆటలో అదే దొంగని తరిమే పోలీసు. కార్డు మీద అంకె ఒకచోట సరుకు ధర, ఇంకోచోట జ్వరం. బొమ్మలు వేసే పని ఆటలాయన బావమరిదిది. ఆయనే సిఫార్సు చేసి ఇప్పించిన ఉద్యోగం. పాపం అతను ఒకే బొమ్మ ఒక ఆటలో పడవలా, తిరగేస్తే ఇంకో ఆటలో టోపీలా ఉండాలని తలబద్దలు కొట్టుకున్నాడు.

“బావా, ఇది పడవలా ఉందా, టోపీలా ఉందా?”

“రెంటిలాగానూ లేదు. బ్రహ్మాండం! అలాగే ఉంచెయ్.”

తుది పరీక్ష ఇంట్లో జరిగింది. ఆటలాయన భార్య రెండో ఆటలో అడుగుపెట్టగానే అడ్డం తిరిగింది. “ఏమండీ, ఇందాక ఈ ఎర్రది నా ఓడ కదా! ఇప్పుడు దీనికి జ్వరమేమిటి?”

“ఆట మారిపోయింది మరి.”

“మారితే? చెప్పాపెట్టకుండా మంచం ఎక్కించేస్తారా దాన్ని?”

ఈ అభ్యంతరం అశాస్త్రీయం కనుక పరిగణనలోకి తీసుకోలేదు.

పెట్టె విడుదల సభలో యజమాని చేసిన ప్రసంగం చిరస్మరణీయం. “ఆటలాయన మనకి ఆటలే కాదు, పరిపాలన కూడా నేర్పారు! వస్తువు అదే, నియమమే వేరు. ఇంత గొప్ప సూత్రాన్ని అట్టపెట్టెలో మూసిపెడదామా? ఇన్నాళ్లూ పనికో మనిషిని పెట్టుకున్నాం. ఎంత వెనకబాటుతనం!” అందరూ చప్పట్లు కొట్టారు. సూత్రం తనది కనుక ఆటలాయన అందరికంటే ఎక్కువసేపు కొట్టాడు.

మర్నాటి నుంచి బావమరిది పొద్దున బొమ్మలు వేశాడు, తర్వాత ఫోన్లు ఎత్తాడు, మధ్యాహ్నం పెట్టెలు సర్దాడు, సాయంత్రం చేతులకి రంగుతోనే గేటు దగ్గర కాపలా నిలబడ్డాడు. నెల తిరిగేసరికి యాజమాన్యం లోతుగా ఆలోచించి, ఇతను నాలుగు శాఖల్లోనూ పావు వంతే ఉంటున్నాడనీ, కాబట్టి ఎక్కడా పూర్తి మనిషి కాడనీ తేల్చింది. పూర్తి మనిషి కానివాణ్ని పంపించేస్తే అది తొలగింపు కిందికి రాదు. పావు అన్న మాటకి మన భాషలో రెండర్థాలుండటం కంపెనీకి ఇలా కలిసొచ్చింది. అదే లెక్కన మరో ఆరుగురూ వెళ్లారు.

ఆటలాయన యజమాని గదికి పరుగెత్తాడు. “సార్, నేను చెప్పింది చెక్కపావుల గురించి. వాడు మా బావమరిది సార్! ఇద్దరు పిల్లలున్నవాడు.”

“మీరింత చిన్నగా ఆలోచిస్తారనుకోలేదు” అన్నాడు యజమాని, నిజంగానే నొచ్చుకుని. “అతని పనులు మీకే ఇస్తున్నాం. అభినందనలు.”

ఇంట్లో భార్య ఒక్క మాటే అంది. “మా తమ్ముడికి ఉద్యోగం ఇప్పించిందీ మీరే, ఊడగొట్టిందీ మీరే.” బావమరిది మాత్రం, “పోన్లే బావా, నువ్వు మాత్రం ఏం చేస్తావు” అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆటలాయనకి ఏడుపొచ్చింది. ఏడవడానికి తీరిక లేదు, గేటు దగ్గర డ్యూటీ ఉంది.

పెట్టె మాత్రం వేడివేడిగా అమ్ముడుపోయింది. అయితే సర్దే చేతులు నిద్రకి తూగుతుండటంతో కొన్ని పెట్టెల్లో ఒక ఆకుపచ్చ పావు తక్కువ పడింది. అంతే, దేశం భగ్గుమంది. వినియోగదారుల సంఘాలు ఊరేగింపులు తీశాయి. టీవీలో మేధావులు గొంతులు చించుకున్నారు. కంపెనీకి ఫోన్లే ఫోన్లు. ఎత్తేది ఆటలాయనే.

“ఒకటి తక్కువుంది! చూసుకోవక్కర్లేదా? ఒక్కటి పోయినా ఆట సాగుతుందా అసలు?” అని నిలదీసింది ఒకావిడ.

“నిజమేనమ్మా” అన్నాడాయన. “ఇక్కడ ఏడుగురు తక్కువ.”

“ఆ గొడవంతా నాకెందుకండీ? ఆకుపచ్చది ఎప్పుడు పంపిస్తారు?”

న్యాయమైన ప్రశ్న. యాజమాన్యం బహిరంగంగా క్షమాపణ చెప్పి, లోటు పడిన ప్రతి ఇంటికీ మర్నాడే పావు చేర్చింది. ప్రజాగ్రహం చల్లారింది. మీ ఇంట్లోనూ ఆ పెట్టె ఉండే ఉంటుంది. పావులు సరిపోయాయో లేదో ఈపాటికి లెక్కపెట్టుకునే ఉంటారు.